రాలని నాలుగో చుక్క

శనివారం ఉదయం ఆరూ నలభైకి కాఫీ బుట్ట పైకి వెళ్ళలేదు.

రాజమండ్రిలో గోదావరి గట్టుకి రెండు సందుల ఇవతల శ్యామలాంబ గారి మేడ. మేడ మీద అద్దెకి ప్రొఫెసర్ భాస్కరం గారు. రిటైరైన జువాలజీ మేష్టారు. వయసు డెబ్భై ఒకటి. పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, సాలెపురుగులున్నాయి. రోజూ ఆరూ నలభైకి శ్యామలాంబ గారు తాడు కట్టిన బుట్టలో కాఫీ గ్లాసు పెట్టి తాడు ఊపుతారు. పైన గంట మోగుతుంది. ఆయన లాక్కుంటారు. పదకొండేళ్ళలో గోదారికి వరదలొచ్చాయి, పుష్కరాలొచ్చాయి. బుట్ట మాత్రం ఒక్కరోజు ఆగలేదు.

ఆవేళ గంట మూడుసార్లు మోగింది. బుట్ట కదల్లేదు.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని పంతొమ్మిది మెట్లూ ఎక్కారు. తలుపు ఓరగా తీసి ఉంది. నల్లరాతి బల్ల పక్కన మేష్టారు వెల్లకిలా పడి ఉన్నారు. కళ్ళజోడు ఎక్కడో దూరంగా. మెడ మీద ఎర్రగా రెండు చిల్లులు.

ఏడూ ముప్పై అయిదుకి సి.ఐ. పెద్దిరాజు జీపు దిగేసరికి సందంతా జనం. అందరిదీ ఒకటే మాట. గుహలోంచి తెచ్చిన సాలీడు కరిచింది. ఎనిమిదింటికి ఆ సాలీడు పీతంత ఉందన్నారు. తొమ్మిదింటికి తాబేలంత అయింది. బ్రిడ్జి దాటి కొవ్వూరు చేరేసరికి పనసకాయంత అయిందని, ఇద్దరిని మింగిందని కూడా చెప్పుకున్నారు.

పెద్దిరాజుకి అది విని అసూయ పుట్టింది. ఆయనది మొగల్తూరు. తాటిచెట్టంత మనిషి. కోతలు కొయ్యందే పూట గడవదు. కేసు డైరీలో మాత్రం నిజం కాని ముక్క ఒక్కటి రాయడు.

"సార్, అది ఇంకా గదిలోనే ఉందేమోనండి," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ సుధాకర్, గుమ్మం బయటే నిలబడి.

"ఉంటే స్టేట్‌మెంట్ తీసుకో," అని పెద్దిరాజు లోపలికి నడిచాడు.

లోపల స్పిరిట్ వాసన. గొంతులో పట్టేసేంత.

మేష్టారి తల వెనక గాయం. బల్ల మూలకి నెత్తురు, రెండు తెల్ల వెంట్రుకలు. ఎవరో తోశారు. పడ్డారు. పోయారు. అంతవరకూ చూసేవాడికి డాక్టర్ అక్కర్లేదు.

మరి మెడ మీద చిల్లులు?

పెద్దిరాజు వేలు పెట్టి చూశాడు. రెంటికీ మధ్య సరిగ్గా చూపుడువేలు వెడల్పు. బల్ల మీద పురుగుల్ని అట్టకి గుచ్చే సూదుల డబ్బా మూత తీసి ఉంది.

బల్లకి అవతలి కొసన పగిలిన గాజు గొట్టం ముక్కలు. పక్కనే మూలనున్న సింకులో కుళాయి సరిగ్గా కట్టలేదు. చుక్క చుక్కగా నీళ్ళు.

ఆ గాజు ముక్కల దగ్గర ఇంకో నెత్తురు చుక్క. శవానికి తొమ్మిదడుగుల దూరం. ఇది మేష్టారిది కాదు.

"గొట్టం పగలగొట్టినవాడు చెయ్యి కోసుకున్నాడు," అన్నాడు పెద్దిరాజు. "బాగా లోతుగానే. చుక్క చూడు, అర్ధరూపాయంత ఉంది."

రెండో చుక్క నేల మీద, బల్లకీ బీరువాకీ మధ్య. మూడోది బీరువా ముందు.

నాలుగోది లేదు.

సుధాకర్ టార్చి వేసి గుమ్మం దాకా వెతికాడు. మెట్ల మీద వెతికాడు. లేదు. దూది కట్ట సీలు విప్పలేదు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా మీద దుమ్ము చెక్కు చెదరలేదు. తువ్వాలు తెల్లగా కొక్కేనికి వేలాడుతోంది.

"చొక్కాకి తుడుచుకున్నాడేమోనండి."

"తుడుచుకుంటే ఆగే నెత్తురు కాదురా అది. కారుతూ కారుతూ బీరువా దాకా వచ్చింది. బీరువా ముందు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఎందుకాగింది?"

సుధాకర్ టార్చి బీరువా వైపు తిప్పాడు. పెద్దిరాజు తలుపు తెరిచాడు.

బీరువాలో ఒకే ఒక ప్లాస్టిక్ పెట్టె. అడుగున తడిదూది. దూది మీద అరచేయంత నల్లరాయి. రాయి మధ్యలో రూపాయి బిళ్ళంత గుండ్రని మచ్చ, కాస్త లేతగా. మచ్చ అంచున నూలుపోగుల్లా తెల్లగా ఏవో రెండు మూడు. ఆయన చూశాడు. మూత పెట్టాడు. అప్పటికి అది రాయే.

*

కౌముది శ్యామలాంబ గారి వరండాలో కూర్చుని ఉంది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. ఆరేళ్ళుగా మేష్టారి దగ్గర రీసెర్చ్. కుడి అరచేతికి రుమాలు కట్టుకుంది.

"చేతికేమైందమ్మా?"

"పొద్దున్న ఈ ఇంటి పిన్నిగారు ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చానండి. గొట్టం పగిలి ఉంది. లోపలివి ఉన్నాయేమోనని ముక్కలు ఏరాను."

"పోలీసులు రాకుండా ముట్టుకోకూడదని తెలీదూ?"

"తెలుసండి. చెయ్యి ఆగలేదు."

"లోపలివి అంటే?"

"స్పిరిట్‌లో వేసిన సాలీళ్ళు రెండండి. ఒక మగది, ఒక ఆడది. లేవు." అవి దొరికిన చోటు చెప్పింది.

గోకవరం అవతల చీకటిమెట్ట అని ఒక కొండ. కొండ కింద గుహ. బోర్లా పడుకుని ఇరవై అడుగులు పాకితే గాని లోపలికి పోలేరు. దారి చూపించేవాడు చిట్టియ్య, కొండ కింద గూడెం మనిషి. మూడో గదిలో ఉంటాయవి. చింతగింజంత ఒళ్ళు, అరచేయంత కాళ్ళు, పాలరంగు. కళ్ళు లేవు. కళ్ళుండాల్సిన చోట నున్నటి చర్మం.

"మొదటిసారి చిట్టియ్య లైటు ఆర్పెయ్యమన్నాడండి. ఆర్పాను. మీకు అది కనబడదు, దానికి మీరు తెలుస్తారు అన్నాడు. కాసేపటికి నా మణికట్టు మీద ఏదో నడిచింది. ఒక్కో కాలూ ఆచితూచి వేస్తూ. నాడి దగ్గరికి వచ్చి ఆగింది. వింటున్నట్టు."

సుధాకర్ తన మణికట్టు రుద్దుకున్నాడు.

"కరుస్తుందా?"

"దాని కోరల మధ్య నువ్వుగింజ పట్టదండి."

"ఆరేళ్ళకి రెండే దొరికాయా?"

"రెండేనండి. లోకంలో ఎవరూ చూడని జాతి. మేం పేరు పెట్టి, కొలతలు రాసి, బొమ్మలు గీసి అచ్చుకి పంపాలి. మీరు చెప్పేది నిజమేనా అని ఎవరైనా అడిగితే, ఇదిగో అని చూపించడానికి ఆ పురుగు ఉండి తీరాలి. అది లేకపోతే మిగతాదంతా కథేనండి."

"ఫొటోలు లేవూ?"

"ఉన్నాయి. కంప్యూటర్లో ఏనుక్కైనా కళ్ళు తీసెయ్యొచ్చంటారు."

"ఎవరంటారు?"

"కమిటీవాళ్ళండి. ఎల్లుండి సోమవారం పదిన్నరకి కలెక్టర్ ఆఫీసులో కూర్చుంటారు. చీకటిమెట్టని క్వారీకిచ్చారు. ఆ సాలీళ్ళు చూపిస్తే కొండ ఆగుతుంది. చూపించకపోతే మంగళవారం డైనమైట్." కౌముది రుమాలు గట్టిగా బిగించింది. "లోపలున్నవి ఎన్నో మాకు తెలీదు. మళ్ళీ దొరకవు."

"నిన్న మీరు ఎన్నింటిదాకా ఉన్నారు?"

"అయిదూ నలభై అయిదు. పది రోజులు వైజాగ్‌లో ఉండి నిన్ననే వచ్చాను. సార్ హుషారుగా ఉన్నారు. రేపు నీకొకటి చూపిస్తానన్నారు."

"ఏంటది?"

"చెప్పలేదండి."

ఆమె ఎడమచేతిలో ఏదో ఉంది. పెద్దిరాజు అడిగితే విప్పింది. గొట్టంలో ఉండాల్సిన లేబుల్. గోరంత కాగితం. పెన్సిల్‌తో చీమతలకాయల్లాంటి అక్షరాలు. చీకటిమెట్ట గుహ, మూడో గది, నేలకి నాలుగడుగుల ఎత్తు. పట్టినవాళ్ళు చిట్టియ్య, కౌముది.

"లేబుల్ మీద అబద్ధం రాయకూడదనేవారు సార్. ఎక్కడ దొరికిందో అక్కడే రాయాలి. మురిక్కాలవలో దొరికితే మురిక్కాలవే రాయాలి. సిగ్గుపడితే సైన్సు కాదు అనేవారు."

శ్యామలాంబ గారు టైములు చెప్పారు. శుక్రవారం అయిదూ పదికి క్వారీ పల్లంరాజు వచ్చాడు. పావుగంటలో కేకలేసుకుంటూ దిగిపోయాడు. అయిదూ నలభై అయిదుకి కౌముది వెళ్ళింది. ఆరున్నర నుంచి ఆవిడ సీరియల్‌లో ఉన్నారు. ఆరూ యాభైకి పైన ధభీమని చప్పుడైంది. పెరట్లో పనసకాయ రాలిందనుకున్నారు.

"వెనక మెట్లెక్కి ఎవరైనా వస్తే?"

"గట్టు వైపు దారండి. ఎవరొచ్చినా నాకు కనబడదు," అన్నారావిడ. "సీరియల్‌లో ఆ కోడలు పిల్ల ఏడుస్తోంది, లేవలేకపోయాను."

*

పల్లంరాజు మధ్యాహ్నం పన్నెండున్నరకి స్టేషన్‌కొచ్చాడు. తెల్లచొక్కా, తెల్లపంచె. కుడిచేతి రెండు వేళ్ళకి కట్టు.

"చేతికేంటండీ రాజు గారూ?"

"పనసపొట్టు కొడుతుంటే కత్తి జారిందండి. మా బావమరిది గృహప్రవేశం. వంటవాడికి కొట్టడం రాదు. చూడలేక దిగాను."

"ఎప్పుడు?"

"గురువారం. నూటయాభైమంది తిన్నారు. అందర్నీ అడగండి."

"మేష్టారితో ఏంటి గొడవ?"

"గొడవేం లేదండి. ఆ పురుగుని మా కొండలోంచి తెచ్చారు, మా కొండలోనే పెట్టెయ్యండి అన్నాను. పెడితే నువ్వు పేల్చేస్తావు కదయ్యా అన్నారు. నాకు కోపం వచ్చింది. నిజం చెబితే వస్తుంది కదండీ."

"గొట్టం చూపించారా?"

"చూపించబోయారు. నేను కళ్ళు మూసుకున్నాను." ఆ భారీ మనిషి గొంతు తగ్గించాడు. "బయటికి పొక్కనివ్వకండి. నాకు సాలీడంటే పడదండి. కొండలు పేలుస్తాను. బాత్రూంలో సాలీడుంటే మా ఆవిణ్ణి పిలుస్తాను."

పెద్దిరాజు నవ్వలేదు. మెల్లిగా ఆయన భుజం వైపు చూశాడు. "కదలకండి," అన్నాడు.

పల్లంరాజు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. లేపడానికి ముగ్గురు కావలసొచ్చారు. భుజం మీద ఏమీ లేదు.

"ఈయన ఆ గొట్టం ముట్టుకోవడం మాట అటుంచు, ఆ గదిలో పావుగంట ఉండటమే గొప్ప," అన్నాడు పెద్దిరాజు తరవాత. "రాసుకో."

*

మూడో మనిషి తనంతట తనే మేష్టారి మేడకి వచ్చాడు. డాక్టర్ శశిభూషణ్. వయసు నలభై నాలుగు. భాస్కరం గారి పాత శిష్యుడు. ఇప్పుడు వైజాగ్‌లో పెద్ద అధ్యాపకుడు. శనివారం పదకొండూ ఇరవైకి కారు దిగానన్నాడు. గురువుగారి ఫొటో ముందు నిలబడి నిజంగానే ఏడ్చాడు. ఎడమ బొటనవేలికి మందుల షాపు ప్లాస్టర్, దాని చుట్టూ టేపు.

"వేలికేమైందండీ?"

"కారు డోర్‌లో పడింది. ఈ కంగారులో."

"రెండేళ్ళ కిందట క్వారీ కోసం ఆ గుహ సర్వే చేసింది మీరేగా?"

"అవును."

"ఏమని రాశారు?"

"చెప్పుకోదగ్గ జీవం లేదని. ఆరోజు కనబడలేదు. సైన్సులో అలా జరుగుతుంది."

"లోపల ఎంతసేపున్నారు?"

"మూడు గంటలు."

"నేనూ చూద్దామనుకుంటున్నానండి. ఈ ఒళ్ళేసుకుని పోగలనా?"

"పోవచ్చు. ద్వారం దగ్గర కొంచెం వంగి నడవాలి, అంతే."

పెద్దిరాజు బుద్ధిగా తలూపాడు. శశిభూషణ్ లేచి, గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక మాట, సి.ఐ. గారూ. ఆ మెడ మీద గుర్తులు సాలీడు కాటు కాదు. సాలీళ్ళ గురించి ఓనమాలు రానివాడు చేసిన పని. ఆ వైపు చూడండి."

"చూస్తానండి," అన్నాడు పెద్దిరాజు.

మనిషి వెళ్ళాక సుధాకర్ అన్నాడు. "ముగ్గురికీ చేతులు తెగాయి సార్. ఊళ్ళో కట్టు లేనిది మీకూ నాకే."

"నెత్తురు ల్యాబుకి పంపావా?"

"పంపానండి. రిపోర్టుకి పది రోజులన్నారు."

సోమవారం పదిన్నరకి ఇంకా నలభై అయిదు గంటలుంది.

*

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పెద్దిరాజు ఒక్కడే ఆ గదిలో కూర్చున్నాడు. కిటికీలోంచి గోదావరి. పైన ఎక్కడో వానలు పడ్డట్టున్నాయి, నీళ్ళు ఎర్రబడుతున్నాయి. గది మాత్రం చప్పుడు లేకుండా ఉంది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు.

మేష్టారి రిజిస్టర్లు పేజీ పేజీ తిప్పాడు. చివరి రిజిస్టర్‌లో చివరి పేజీ. అదే పెన్సిలు, అదే చీమతలకాయలు.

"మంగళవారం. చిట్టియ్య రాయి తెచ్చాడు. బిళ్ళ చెక్కుచెదరలేదు. కౌముది ఊళ్ళో లేదు."

"శనివారం. లోపల నీడలు."

"బుధవారం. కదిలాయి."

"శుక్రవారం. ఇంకో రెండు రోజులు. ఆదివారం సాయంత్రానికి రావచ్చు. రేపు కౌముదికి చూపిస్తాను."

బిళ్ళ.

ఆయన లేచి బీరువా తెరిచాడు. రాయి తీశాడు. గుండ్రటి మచ్చ మీద, ఆ తెల్లటి పోగుల మీద, వేలు ఆనించాడు. తరవాత వెనక్కి చూశాడు. ఒకటో చుక్క. రెండో చుక్క. మూడో చుక్క సరిగ్గా తన కాళ్ళ దగ్గర.

మోకాలి మీద పాతమచ్చ ఒకటి జిలపెట్టింది. ఆరో ఏట మొగల్తూరులో పంటకాలవ తూము మీంచి పడినప్పటిది.

అలమరలో శిష్యులు రాసిన పుస్తకాలు వరసగా ఉన్నాయి. వాటిలో శశిభూషణ్ రాసిన చిన్న పుస్తకం, మూఢనమ్మకాల మీద. పెద్దిరాజు నిలబడే చదివాడు. పద్దెనిమిదో పేజీ దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు. ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సుధాకర్‌కి ఫోన్ చేశాడు. "సాయంత్రం నాలుగింటికి ముగ్గుర్నీ ఇక్కడికి రమ్మను. చిట్టియ్యని గోకవరం నుంచి జీపులో తీసుకురా. ఒక డాక్టర్ని కూడా."

"డాక్టర్ ఎందుకండీ?"

"కాన్పుకి," అన్నాడు పెద్దిరాజు.

*

నాలుగూ అయిదు.

రాతిబల్లకి ఒక పక్క కౌముది. ఎదురుగా పల్లంరాజు, శశిభూషణ్. గోడవార చిట్టియ్య, గొంతుక్కూర్చుని. కిటికీ దగ్గర గవర్నమెంటు డాక్టర్, ఆదివారం నిద్ర చెడినందుకు చిరాగ్గా. తలుపు దగ్గర సుధాకర్.

"మా అమ్మమ్మ గొప్ప వైద్యురాలండి," అని మొదలుపెట్టాడు పెద్దిరాజు. "ఒకసారి మా తాత కొబ్బరిచెట్టు మీద కల్లు గీస్తూ చెట్టే నరికేశాడు. మా అమ్మమ్మ గోడ మీంచి సాలీడు బిళ్ళ ఒకటి పీకి మోడుకి అంటించింది. చెట్టు అతుక్కుంది. ఇప్పటికీ కాస్తోంది. కాకపోతే కాయలకి ఎనిమిదేసి కాళ్ళు."

ఎవరూ నవ్వలేదు. చిట్టియ్య మాత్రం తలూపాడు, అందులో ఆశ్చర్యమేముంది అన్నట్టు.

"చెట్టు సంగతి ఎలా ఉన్నా, మనుషులకి పనిచేస్తుందండి. పెంకుటింటి గోడల మీద తెల్లగా రూపాయంత బిళ్ళ ఉంటుంది. సాలీడు గుడ్లు పెట్టుకునే గూడు. మన కోనసీమలో, మా నరసాపురం వైపూ, పిల్లాడికి వేలు తెగితే ఆస్పత్రి తరవాత సంగతి. ముందు బిళ్ళ. అంటిస్తే కుళాయి కట్టేసినట్టు నెత్తురు ఆగుతుంది. పీకకూడదు. ఎండి దానంతటదే ఊడాలి. పీకితే మళ్ళీ మొదలు."

"అదంతా ఇప్పుడెందుకండీ?" అన్నాడు పల్లంరాజు, కాళ్ళు కుర్చీ మీదకి లాక్కుంటూ.

"నాలుగో చుక్క కోసమండి."

పెద్దిరాజు ప్లాస్టిక్ పెట్టె తెరిచి రాయి బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారం ఆరూ యాభైకి ఒకాయన ఇక్కడ మేష్టారితో వాదించాడు. తోశాడు. మేష్టారు పోయారు. ఆయన గొట్టం పగలగొట్టాడు. లోపలి రెండూ సింకులో వేసి నీళ్ళు వదిలాడు. గాజు లోతుగా దిగింది. నెత్తురు కారుతూనే బీరువా తెరిచాడు, ఇంకేమైనా ఉన్నాయేమోనని. ఉంది. ఈ రాయి మీద తెల్లబిళ్ళ. పీకాడు. ఒక చేతిలో బిళ్ళ, ఒక చేతికి నెత్తురు." ఆయన ఆగాడు. "అప్పుడు చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. అంటించేసుకుంది. తరవాత కూర్చుని సూదుల డబ్బా తీసి, మెడ మీద రెండు పోట్లు పొడిచాడు. బల్ల మీద నుంచి మెడ దాకా ఒక్క చుక్క లేదు. అప్పటికే ఆగిపోయింది."

కౌముది రాయి వైపు చూస్తూ ఉండిపోయింది. "బిళ్ళా?" అంది. "గుడ్ల బిళ్ళ ఉందా?"

"ఉందమ్మా. చిట్టియ్య తెచ్చాడు. మీకు చూపిద్దామనుకున్నది అదే."

"నేనే తెచ్చానండి," అన్నాడు చిట్టియ్య నేల చూస్తూ. "తల్లి దగ్గర లేని టయిం చూసి తెచ్చాను. అప్పుడే అనుకున్నాను, తేకూడదని."

శశిభూషణ్ నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "కథ బాగుంది. చదువు లేనివాడు చేసే పని అది. సాలీళ్ళ గురించి తెలిసిన ఏ మనిషీ తెగిన చేతికి గూడు అంటించుకోడు."

"నేనూ అదే అనుకున్నానండి. తరవాత పద్దెనిమిదో పేజీ చదివాను." పెద్దిరాజు జేబులోంచి కాగితం తీశాడు. "మీ పుస్తకమే. 'గాయానికి సాలీడు బిళ్ళ అంటించడం ప్రమాదకరం. నా చిన్నతనంలో అంబాజీపేట దగ్గర మా పల్లెలో మా అమ్మమ్మ నాకు పది పన్నెండుసార్లు అంటించింది. వేలు తెగితే నాకు నేనే గోడ దగ్గరికి పరిగెత్తేవాణ్ణి.' మంచి తెలుగండి. చదువుతుంటే నా మోకాలు జిలపెట్టింది."

"ఇది సాక్ష్యమా?"

"కాదు. గుహలోకి వంగి నడిచి పోవచ్చన్నారు చూడండి, అది మొదలు. చిట్టియ్యా, ఈయన్ని గుహలోకి తీసుకెళ్ళావా?"

"బొరియ దాకా వచ్చారండి. బోర్లా పడుకున్నారు. తల పెట్టారు. ఒళ్ళంతా వణికింది. బయటికొచ్చేసి చెట్టు కింద కూర్చున్నారు. లోపలేముందో నువ్వు చెప్పు, రాసుకుంటానన్నారు. చెప్పాను. రాసుకోలేదు."

"మూడు గంటలూ చెట్టు కిందే. పైకి రిపోర్టు, లోపల జీవం లేదని. రేపు కమిటీ ముందు ఆ రెండు సాలీళ్ళు కనబడితే ఆ సంతకం ఏమవుతుంది? ఆగమని అడగడానికి శుక్రవారమే వచ్చారు, వెనక మెట్లెక్కి. మేష్టారు ఆగనన్నారు. ఆ సూదిపోట్లు కూడా అంతే. తెలియనివాడు చేసినట్టు కనబడాలని తెలిసినవాడు చేశాడు."

"మీ దగ్గర ఏ రుజువూ లేదు." శశిభూషణ్ గొంతు మామూలుగానే ఉంది. ఎడమచెయ్యి మాత్రం బల్ల మీంచి మెల్లిగా ఒళ్ళోకి దిగింది.

"నా దగ్గర లేదండి," అన్నాడు పెద్దిరాజు. రిజిస్టర్ తెరిచాడు. "శుక్రవారం. మేష్టారు ఆఖరుసారి రాసిన మాట. 'ఇంకో రెండు రోజులు. ఆదివారం సాయంత్రానికి రావచ్చు.'"

గోడ గడియారం నాలుగూ ఇరవై రెండు.

కింద శ్యామలాంబ గారింట్లో ఏదో గిన్నె జారి పడింది. పల్లంరాజు ఉలిక్కిపడ్డాడు.

"శశిభూషణ్ గారూ," అన్నాడు పెద్దిరాజు, పెళ్ళిలో భోజనం అయిందా అని అడిగినట్టు. "జిలగా ఉందాండీ?"

శశిభూషణ్ నుదుటి మీద చెమట. ఒళ్ళో ఉన్న చేతివైపు చూడకుండా ఉండడానికి చూపంతా కిటికీకి అంటించాడు. ఆ చూపు నిలవలేదు. ఒక్కో అంగుళం దిగుతూ, దిగుతూ, బొటనవేలి మీద ఆగింది.

టేపు అంచు కింద ఏదో కదిలింది. దారప్పోగంత. తెల్లగా. అది బయటికి రాలేదు. ఒక్క కాలు మాత్రం చాపి, గాలిని తడిమి, మళ్ళీ లోపలికి లాక్కుంది.

పల్లంరాజు కుర్చీ వెనక్కి పడింది. ఈసారి ఎవరూ లేపలేదు.

"పొద్దున్నుంచీ," అన్నాడు శశిభూషణ్. గొంతు పిల్లాడిదిలా ఉంది. "పొద్దున్నుంచీ నడుస్తున్నాయి."

"తీసెయ్యచ్చుగా?"

"రెండుసార్లు పీకబోయాను. నెత్తురొచ్చింది. నెత్తురు కాదు అసలు సంగతి." ఆయన తల వంచుకున్నాడు. "గొట్టంలోవి ఎప్పుడో చచ్చినవి సార్. ఇవి బతికున్నాయి. నేను... ఎంత చెడ్డా ఆయన శిష్యుణ్ణి. తోసినప్పుడు పడతారనుకోలేదు. ఆగమన్నానంతే. ఒక్క నెల ఆగమన్నాను."

డాక్టర్ నిద్ర వదిలింది. సంచీలోంచి స్పిరిట్ సీసా తీసి దూది తడపబోయాడు.

"వద్దు." కౌముది అప్పటికే లేచింది. సీసా లాక్కుని అవతల పెట్టింది. "స్పిరిట్ తగిలితే చస్తాయి. కాచి చల్లార్చిన నీళ్ళు. చిట్టియ్యా, కిటికీలు మూసెయ్యి. వెలుగు పనికిరాదు."

గది చీకటైంది. ఒక్క టార్చి, దాని మీద ఎర్రకాగితం. శశిభూషణ్ చెయ్యి బల్ల మీద పెట్టాడు. చెప్పకుండానే వేలు చాపాడు. ఆయనకి సంకెళ్ళు వెయ్యడం సుధాకర్ మరిచిపోయాడు. ఆ చెయ్యి కదిలితే ఏం పోతుందో ఆ గదిలో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. అరగంటసేపు కదల్లేదు.

టేపు వచ్చింది. ప్లాస్టర్ వచ్చింది. కింద బిళ్ళ, సగం నెత్తుటితో ఎండిపోయి, సగం తెల్లగా. కౌముది నీళ్ళు ఒక్కో చుక్కా వేస్తూ, చిమటాతో అంచు లేపింది. చాలావరకూ నలిగి చచ్చాయి. తెల్లగా ఉన్న సగంలో మాత్రం కదలిక.

మైక్రోస్కోపు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఎన్నమ్మా?" అన్నాడు పెద్దిరాజు.

"తొమ్మిది."

"కళ్ళు?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. "లేవండి. ఒక్కదానికీ లేవు."

అప్పుడు ఏడ్చింది.

*

సోమవారం పదిన్నరకి కమిటీ కూర్చుంది. ముగ్గురు పెద్దమనుషులు వరసగా మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూశారు. పల్లంరాజుని చూడమంటే గుమ్మం బయట నుంచే, నమ్ముతున్నానండి, రాసుకోండి అన్నాడు. పన్నెండూ పదికి డైనమైట్ ఆపమని ఆర్డరొచ్చింది.

ఆ తొమ్మిది పిల్లల్లో ఒక మగదీ ఒక ఆడదీ అయినా పెరిగి పెద్దవి కావాలి. అప్పుడుగాని కౌముది మగదానికీ ఆడదానికీ కొలతలు తీసి, పేరు పెట్టి, అచ్చుకి పంపడం కుదరదు. ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా అవి మేష్టారి బీరువాలోనే, అదే రాయి పక్కన. ఆరూ నలభైకి శ్యామలాంబ గారు కాఫీ బుట్ట పంపుతున్నారు. లాక్కునే చెయ్యి వేరు.

కమిటీ పెద్దాయన ఒకరు పెట్టె మీది లేబుల్ చదివి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఏంటమ్మా ఇది? ఇలాగే ఉంచాలా?"

"ఉంచాలండి," అంది కౌముది. "లేబుల్ మీద అబద్ధం రాయకూడదు."

పెద్దిరాజు ఆయన భుజం మీంచి వంగి చూశాడు. పెన్సిలు రాత. చీమతలకాయల్లాంటి అక్షరాలు, గురువుగారి చేతిరాతే దిగినట్టు.

*చీకటిమెట్ట గుహ, మూడో గది. తెచ్చినవాడు చిట్టియ్య. ఆదివారం సాయంత్రం నాలుగూ యాభై ఏడుకి, సజీవంగా దొరికిన చోటు: డాక్టర్ శశిభూషణ్ ఎడమ బొటనవేలు.*

జీవితంలో ఎన్నో కోతలు కోశాడు పెద్దిరాజు. ఇంత పెద్దది ఒక్కటీ కోయలేదు. కేసు డైరీ తీసి, ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా దింపుకున్నాడు.